ఐదు మెట్ల కింద

ఆ పాటకి నా మీద ఏదో కక్ష ఉంది. లేకపోతే అంత చిన్న పాట, చంటిపిల్లలు రెండుసార్లు వింటే పాడేసేంత పాట, ఇన్ని వారాలు నన్ను కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వకుండా తిప్పుతుందా? రాద్దామని కూర్చుంటాను. నాలుగు స్వరాలు పెడతాను, మూడు చెరిపేస్తాను. లేచి కిటికీ తెరుస్తాను. చలేస్తుంది, మూసేస్తాను. పెన్సిల్ చెక్కుతాను. చెక్కిన పెన్సిల్నే మళ్ళీ చెక్కుతాను. కంప్యూటర్లో రాసుకోవచ్చుగా అని అందరూ సలహా ఇచ్చేవాళ్ళే. కంప్యూటర్ ఊపిరి తీసుకోకుండా ఎంతసేపైనా వాయిస్తుంది, మావాళ్ళు వాయించరు. అందుకని ఇత్తడి వాయిద్యాలకి నేను చేత్తోనే రాస్తాను, ప్రతి వాక్యం నోటితో ఊదుకుంటూ.

"బుస్సు బుస్సుమని ఆ ఊదుడేంటే, ఇంట్లో పాము దూరిందనుకున్నా" అంది మా అమ్మ పక్కగదిలోంచి.

"పాట లొంగట్లేదమ్మా. పెన్సిల్ కూడా బాలేదు."

"ఆడలేక మద్దెల ఓడంది ఎవరో. పెన్సిలేం చేసింది పాపం?"

మా బృందంలో రెండు ట్రంపెట్లు, గొట్టం గుండ్రంగా చుట్టుకుని ఉండే హార్న్ ఒకటి, రెండు ట్రాంబోన్లు, అన్నిటికీ అడుగున ఒక ట్యూబా. ఏటా క్రిస్మస్ ముందు సాయంత్రం టౌన్‌హాల్లో కచేరీ చేస్తాం. బృందం పెద్దని అందరం గార్డుగారంటాం. రైళ్ళకి గార్డుగా చేసి రిటైరయ్యారు. జెండా చేతిలోంచి పోయింది గానీ చెయ్యి ఊపడం పోలేదు, ఇప్పుడు మా ముందు నిలబడి ఊపుతున్నారు. నాకు స్వరకల్పన నేర్పింది ఆయనే. నా పాత పాఠాలనిండా ఆయన ఎర్రపెన్సిల్ గీతలే.

ఈసారి కచేరీకి ఆయన నాకో కాగితం ఇచ్చారు. దానిమీద ఒకే ఒక్క వరుస.

"క్రిస్మస్ పాటల్లో బాగా పాతది. ఎవరు కట్టారో దేవుడికే తెలియాలి. దీన్ని మనవాళ్ళకి అమర్చు" అన్నారు.

గంటలూ లేవు, గణగణా లేదు. కింద తోడు స్వరాలు లేవు. తాళం గుర్తులు కూడా లేవు, పాడేవాళ్ళు ఊపిరి ఉన్నంతవరకు పాడి, ఆగినచోట ఆగేవాళ్ళట. పశువుల పాకలో పుట్టిన బిడ్డ గురించి నెమ్మదిగా, దాదాపు తమలో తాము పాడుకున్నట్టు ఉంటుంది. మొదటిసారి ఊదుకున్నప్పుడే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మర్నాటి నుంచే మొదలైంది నా తిప్పలు. కింద ఏ స్వరాలు చేర్చినా పాట మొహం మారిపోయేది. నేటికాలపు పాటలకి నప్పే తోడు దీనికి నప్పదు. పెద్దావిడకి పిల్లల గౌను తొడిగినట్టు ఉండేది. రాసిందంతా చెరిపేసి, చెరిపేసి, చివరికి ట్రాంబోన్లనీ ట్యూబానీ శ్రుతిలా ఒకే స్వరం పట్టుకుని నిలబడమన్నాను. అదైనా రెండో చరణం నుంచే. మొదటి చరణం ఏంచేయాలో తోచలేదు.

అయినా నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఒక్క పాటే అయితే ఇంత కథ ఉండేదే కాదు. అసలు సంగతి మా మామయ్య.

మామయ్య అమ్మకి సొంత తమ్ముడు. దర్జీ. మా బృందంలో హార్న్ ఆయనదే, బృందం పుట్టినప్పటి నుంచీ. నాకు స్వరాలు చదవడం నేర్పింది ఆయన దుకాణంలోనే, బట్టలు కత్తిరించే బల్లమీద సుద్దముక్కతో ఐదు గీతలు గీసి. ఈ ఏడాది మొదట్లో మామయ్య పైపళ్ళన్నీ పోయి, కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. తినడానికి బానే ఉన్నాయి, నవ్వితే పెళ్ళికొడుకులా ఉన్నాడు కూడా. కానీ హార్న్ ఊదేవాడికి పెదవి వెనక పన్నే ఆధారం. ఆ పన్ను సొంతది కాకపోతే పెదవికి నమ్మకం పోతుంది. కింది స్వరాలు వస్తాయి. పైకి వెళ్ళేకొద్దీ జారిపోతాయి.

పోయిన నెల చర్చిలో చేసిన చిన్న కచేరీలో ఒక పై స్వరం దగ్గర మామయ్య హార్న్ కీచుమంది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మామయ్య ఏమీ జరగనట్టు కాగితం తిప్పాడు. నాకు మాత్రం ఆ నవ్వినవాళ్ళని చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చెయ్యాలనిపించింది.

ఆ తర్వాత గార్డుగారు నన్ను మెట్లదగ్గర ఆపి చెప్పారు. "వచ్చే ఆదివారం కొత్త పాట మొదటిసారి చదివి వాయిస్తాం. మీ మామయ్య నిలబడితే సంతోషం. లేదంటే ఆ కుర్చీలో కొత్తావిడ కూర్చుంటుంది. నాకూ బాధే అమ్మా. కానీ కచేరీ కచేరీయే."

కొత్తావిడ ఈమధ్యే మా దగ్గర చేరింది, సిటీబస్సు నడుపుతుంది. హార్న్ బ్రహ్మాండంగా వాయిస్తుంది. పైగా మనిషి ఎంత మంచిదంటే, కచ్చగా తిట్టుకుందామన్నా ఒక్క వంక దొరకదు. అదొక మంట నాకు.

ఇక చూడండి, నేను చేసిన తెలివైన పని. మామయ్య కోసం ఒక భాగం రాశాను. అన్నీ కింది స్వరాలే. పాట బేకరీ నడిపే ఆయన ట్రంపెట్‌కిచ్చి, మామయ్యకి దానికింద నిదానంగా కదిలే నాలుగైదు స్వరాలు. పళ్ళకి ఏ ఇబ్బందీ రాదు, కుర్చీ దక్కుతుంది, ఆయనకి అనుమానం కూడా రాదు అనుకున్నాను. బుధవారం పొద్దున్నే ఆ కాగితమూ, మొత్తం పాట రాసుకున్న కాగితాలూ చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

మామయ్య మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు తీసి డబ్బాలో పడేసి, నా కాగితం వెలుతురుకి పట్టుకుని చదివాడు. పైనుంచి కిందికి ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"ఇది ఎవరి కొలతకి కుట్టావే?"

"అదేంటి మామయ్యా?"

"అడిగినదానికి చెప్పు. పైన ఒక్క స్వరం లేదు. పాటంతా బేకరీవాడి ట్రంపెట్‌కిచ్చి నన్ను కింద గుర్రుమంటూ కూర్చోమన్నావు. నేను దర్జీనే అమ్మడూ. నడుం దగ్గర వదులు చేసిన ప్యాంటు తెచ్చి పాత కొలతే అంటే, కనిపెట్టలేననుకున్నావా?"

"అది కాదు, అలా ఉంటేనే ఈ పాటకి బావుంటుందనీ..."

"అబద్ధమాడినా అతికినట్టుండాలి."

"నీ మంచికే కదా మామయ్యా!"

"నా మంచికా? నాకు ముష్టి వేస్తున్నావా నువ్వు?" గొంతు పెద్దది చేశాడు. కొలతలివ్వడానికి వచ్చిన ఒకాయన చేతులు పైకెత్తి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. "పాట నాకివ్వు. ట్రంపెట్ ఎక్కడ వాయిస్తుందో సరిగ్గా అక్కడే నేనూ వాయిస్తా. వాయించలేకపోతే లేచిపోతా. అంతేగానీ నాకు కిందా మీదా సర్దిపెట్టొద్దు."

నాకూ ఆయన రక్తమేగా వచ్చింది. తలలో ఏదో భగ్గుమంది.

"పాటేగా కావాలి? తీసుకో! మొదటి చరణమంతా నువ్వూ ట్రంపెట్టే. ఇద్దరే. వెనక ఇంకెవ్వరూ ఉండరు. ఊదు! ఊది ఊది అక్కడే పడు!"

తెచ్చిన కాగితాన్ని పరపరా చింపేశాను. ఆ బల్లమీదే, లైనింగు గుడ్డలు పక్కకి తోసి, మొత్తం పాట కాగితాలు ముందు పెట్టుకుని అందులోంచి పాటని కొత్త కాగితంమీదికి ఎక్కించాను. పెన్సిల్ మొన రెండుసార్లు విరిగింది. చేతులెత్తిన ఆయన, "నేను తర్వాత రానా?" అన్నాడు. "కదలకండి" అన్నాం ఇద్దరం ఒకేసారి. రాసింది మామయ్య ముందు పడేశాను. ఆయన చూడనైనా చూడకుండా దాన్ని కత్తెర కింద పెట్టాడు.

సగం దారిలో కోపం దిగింది. నేనేం చేశాను? పైస్వరాలు పలకని మనిషికి పాటంతా పైనే ఇచ్చి, వెనక దాక్కోవడానికి ఇంకో వాయిద్యం కూడా లేకుండా, గార్డుగారి ముందు, కొత్తావిడ ముందు ఒంటరిగా నిలబెట్టాను. కుర్చీ కాపాడదామని బయల్దేరి నేనే కాళ్ళకింద లాగేశాను.

ఇక ఆ రోజు నుంచీ తిన్నది తిన్నట్టు లేదు. గిన్నెలు కడుగుతూ సగంలో వదిలేసి బల్లదగ్గరికి, బల్లదగ్గర్నుంచి గుమ్మందాకా. పియానో నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు తప్పు వాయిస్తే తిట్టడం మర్చిపోయానట, వాళ్ళ అమ్మలు కంగారుపడి ఒంట్లో బాగుందా అని అడిగారు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అంది అమ్మ. "వాడు నిక్షేపంగా కోట్లు కుట్టుకుంటున్నాడు. ఇందాకే చూసొచ్చా."

"నీకు తెలీదమ్మా. ఆ కాగితం వెనక్కి తీసుకోవాలి."

"తీసుకో మరి. కాళ్ళున్నాయిగా."

శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. దుకాణం తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల్నుంచి హార్న్ వినిపించింది. ఒక స్వరం, దానిపైన ఇంకోటి, ఆ పైది కీచుమని విరిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కుట్టుమిషను చప్పుడు. మిషను ఆగింది. మళ్ళీ ఆ స్వరాలే, మళ్ళీ అక్కడే విరిగింది. మళ్ళీ మిషను. తలుపు తోసి లోపలికి వెళ్ళి, "మామయ్యా, ఆ కాగితం ఇచ్చెయ్, నాదే తప్పు" అంటే పోయేది. తోయలేకపోయాను. నేను విన్నానని తెలిస్తే ఆయన తట్టుకోలేడు. వచ్చినదారినే ఇంటికొచ్చేశాను, ఏడుస్తూ, ఎదురొచ్చినవాళ్ళకి జలుబని చెబుతూ.

ఆదివారం రానే వచ్చింది.

మేం సాధన చేసే గది టైర్ల దుకాణం పైన ఉంటుంది. ఎంత తలుపులు తీసినా రబ్బరు వాసన పోదు. కొత్త పాట చదివేటప్పుడు గార్డుగారిది ఒకటే నియమం. మొదటిసారి మధ్యలో ఆగకూడదు. తప్పు రానీ, నోరు ఎండిపోనీ, చివరిదాకా వెళ్ళాల్సిందే. "రెండు స్టేషన్ల మధ్య రైలు ఆపితే నాకు ఒళ్ళు మంట" అంటారు.

మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నాతో మాట్లాడలేదు. కొత్తావిడ బస్సు డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి, గోడవారన కూర్చుంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడ గాలాడలేదు, తలుపు దగ్గరికి జరిగాను.

"నిలకడగా ఉండమ్మా కాసేపు" అన్నారు గార్డుగారు. చెయ్యి ఎత్తారు.

బేకరీ ఆయన ట్రంపెట్ ఎత్తుకుంది. మామయ్య హార్న్ ఎత్తుకుంది. నేను కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, ఆ కీచు కోసం ఎదురుచూశాను.

కీచు రాలేదు.

వచ్చిందేంటంటే, ట్రంపెట్ పైన పాట పాడుతుంటే, అదే పాట, అచ్చంగా అదే, దానికి ఐదు మెట్ల కింద, లావుపాటి మెత్తని గొంతుతో నడుస్తోంది. పైది ఒక మెట్టెక్కితే కిందిది ఒక మెట్టెక్కింది. పైది దిగితే ఇదీ దిగింది. రెండూ ఎక్కడా కలవలేదు, ఎక్కడా విడిపోలేదు.

తప్పెక్కడో నాకప్పుడు వెలిగింది. హార్న్ తీరే వేరు. కాగితంమీద ఏ స్వరం చూసి ఊదితే అది ఐదు మెట్లు కిందికి దిగి పలుకుతుంది. అందుకని రాసేవాళ్ళం ముందుగానే ఐదు మెట్లు పైకి రాసిపెట్టాలి. మా పనిలో అది ఓనమాలు. ఆ రోజు కోపంలో, మామయ్య బల్లమీద, పైకి మార్చకుండా పాటని ఉన్నదున్నట్టు ఎక్కించేశాను.

ఆ తప్పు మీద ఇంకో తప్పు. రెండు గొంతులు ఐదు మెట్ల దూరంలో అలా పక్కపక్కనే నడవకూడదని గార్డుగారు నాకు నేర్పిన మొట్టమొదటి పాఠం. ఆ ఎర్రపెన్సిల్ గీతల్లో సగం దానికోసమే. ఇప్పుడు నా పాటలో అవి తప్ప ఇంకేమీ లేవు. ఆయన మొహం చూద్దామంటే ధైర్యం చాల్లేదు.

అయినా నియమం నియమమే, ఎవరూ ఆగలేదు. రెండో చరణంలో ట్రాంబోన్లూ ట్యూబా కింద ఆ ఒకే స్వరాన్ని పట్టుకున్నాయి. అప్పుడు విన్నాను. ఇన్ని వారాలుగా ఆ పాట అడుగుతున్న తోడు ఏదో, ఇన్ని కాగితాలు చెరిపి చెరిపి నేను వెతికింది ఏదో, అదే. పాట మొహం మారలేదు. ఇంకా పాతదైంది, ఇంకా పెద్దదైంది. నేను రాసిందేగానీ నాకు తెలిసి రాసింది కాదు.

చివరి స్వరం ఆగిపోయింది. కింద ఎవరో టైరులోకి గాలి కొడుతున్నారు.

గార్డుగారు నావైపు తిరిగారు. "హార్న్ ఐదు మెట్ల కింద నడిచింది. మొదట్నుంచి చివరిదాకా. నేను నీకేం నేర్పాను?"

"అలా నడవకూడదని."

"మరి? కావాలని రాశావా, పొరపాటా?"

ఇదీ పరీక్ష. పొరపాటంటే, దిద్దమంటారు. దిద్దితే హార్న్ ఐదు మెట్లు పైకి పోతుంది, పైకి పోతే మామయ్య పని అయిపోయినట్టే. కావాలనే అంటే కుర్చీ నిలుస్తుంది. అబద్ధానికి నాకేం సిగ్గు లేదు, ఆ క్షణాన ఎన్నయినా ఆడేదాన్ని.

"కావాలనే..." అన్నాను.

"పొరపాటే" అన్నాడు మామయ్య.

అందరూ ఆయనవైపు చూశారు. ఆయన హార్న్ ఒళ్ళో పెట్టుకుని, దానివైపు చూస్తూ మాట్లాడాడు.

"దీనికి కోపమొస్తే కళ్ళు కనిపించవు. కాగితం మార్చకుండా రాసేసింది. ఆ సాయంత్రం చూడగానే తెలిసింది నాకు. అది పెద్ద విశేషమేం కాదు, చూస్తూ చూస్తూ ఐదు మెట్లు పైకి మార్చుకుని వాయించేయొచ్చు. కుర్రతనం నుంచీ చేస్తున్న పనే. మొన్నటిదాకా అలాగే వాయిద్దామని చూశాను." హార్న్ మీటలు ఒకసారి నొక్కి వదిలాడు. "పైన నాకు స్వరాలు లేవు గార్డుగారూ. పళ్ళతోపాటే పోయాయి. ఎన్నిసార్లు ఊదినా రావట్లేదు. అందుకని ఉన్నది ఉన్నట్టే వాయించాను. అది దీని తప్పు కాదు. నేను తప్పించుకున్నాను, అంతే."

ఇంతమందిలో మామయ్య తనకి చేతకానిది ఒకటుందని ఒప్పుకోవడం నా జన్మలో మొదటిసారి వినడం. కాగితం మడిచాడు. హార్న్ తుడిచి పెట్టెలో పెడుతున్నాడు. కొత్తావిడ గోడ దగ్గర తలొంచుకుని తన యూనిఫాం బొత్తాన్ని చూసుకుంటోంది.

"ఎక్కడికి?" అన్నారు గార్డుగారు.

"చెప్పానుగా. పైన లేవని."

"కింద ఉన్నాయిగా. కూర్చోవయ్యా."

మామయ్య చెయ్యి పెట్టెమీదే ఆగిపోయింది.

"అలా నడవకూడదన్న నియమం తర్వాత పుట్టింది" అన్నారు గార్డుగారు, నాతోనో ఆయనతోనో తెలీకుండా. "ఈ పాట అంతకంటే ముందుది. ఆ రోజుల్లో ఇలాగే పాడుకునేవాళ్ళు. నాకు తెలిసే ఎర్రపెన్సిల్ పట్టుకు తిరిగాను." కాస్త గొంతు సవరించుకుని, "మిగతా పాటలన్నిటికీ ఆవిడ వాయిస్తుంది. దాంట్లో మార్పు లేదు. ఇది మాత్రం నీది" అన్నారు.

"ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే."

మామయ్య పెట్టె మూత వేశాడు. కోపంతో లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నాను, నేనైతే వెళ్ళిపోయేదాన్ని. కొత్తావిడ నెమ్మదిగా లేచి, ఆయన మడిచిన కాగితాన్ని తీసి, చేత్తో సాపుచేసి స్టాండుమీద పెట్టింది. మామయ్య పెట్టె తెరిచాడు.

రెండోసారి వాయించినప్పుడు నేను తలుపు దగ్గరా లేను, కిటికీ దగ్గరా లేను. బేకరీ ఆయన కుర్చీ వెనక నేలమీద చతికిలబడి, చేతికి దొరికింది పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన మధ్యలో ఊపిరి తీసుకునే చోట, "ఏడిస్తే ఏడువుగానీ నా కాలు వదులు" అని గొణిగాడు.

అందరూ సర్దుకుని మెట్లు దిగుతున్నారు. మామయ్య నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. దుకాణంలో గొడవయ్యాక నాతో మాట్లాడటం అదే మొదలు. నా మొహంవైపు చూడకుండా, హార్న్ పెట్టె పట్టీ బిగిస్తూ అడిగాడు.

"ఎంతసేపుంటుందే అది, మొత్తం?"

"మూడు నిమిషాలు మామయ్యా."

"మూడా?"

"ఆఁ."

పట్టీ మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు.

"ఇంకాస్త పొడుగు చెయ్యడానికి వీలవదూ?" అన్నాడు. "నాకు ఊపిరికేం లోటు లేదు అమ్మడూ."